పునాది కింద పునాది వేశాక ఊటనీరు ఎటు పోతుంది?

క్లుప్తంగా: టొరంటో పాత ఇళ్లలో బేస్‌మెంట్ ఎత్తు పెంచడానికి గోడల కింద లోపలి నుంచే తవ్వి కొత్త కాంక్రీటు పోస్తున్నారు. అలా పోసిన కాంక్రీటు బయటి ముఖం మళ్లీ ఎవరి చేతికీ అందదు. కాబట్టి ఈ పనిలో నీటిని పూతలతో ఆపడం కన్నా, వచ్చే నీటిని పట్టి బయటికి తోడేయడమే నమ్మదగిన దారి. ఆ ఏర్పాటంతా కొత్త నేల పోయకముందే పూర్తి కావాలి.

## ఎత్తు కోసం లోతుకు

టొరంటో పాత నగర భాగంలో చాలా ఇళ్లకు వందేళ్లు దాటాయి. అవి కట్టిన రోజుల్లో బేస్‌మెంట్ మనుషులు ఉండే చోటు కాదు. బొగ్గు పొయ్యి, దానికి కావలసిన బొగ్గు, చలికాలానికి దాచుకునే దుంపలు అక్కడ ఉండేవి. నేలకూ పైదూలాలకూ మధ్య ఆరడుగులు ఉంటే గొప్ప. ఇప్పుడు ఆ చోటునే విడి వాటాగా అద్దెకివ్వాలంటే, పాత ఇళ్ల విషయంలో ఒంటారియో నిర్మాణ నియమావళి 1.95 మీటర్ల ఎత్తు అడుగుతుంది. దూలాలు, గాలి గొట్టాలు ఉన్న చోట కాస్త సడలింపు ఉంది. బేస్‌మెంట్ అద్దె లెక్క గ్రేటర్ టొరంటోలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొత్తది కాదు. శివార్లలోని కొత్త ఇళ్లలో ఎత్తు సమస్య అంతగా రాదు. పాత ఇల్లు కొన్నవారికే ఈ తవ్వకం అవసరమవుతుంది.

ఉన్న నేలను పగలగొట్టి రెండు మూడడుగులు దించేస్తే గోడ అడుగున దాని బరువు మోసే వెడల్పాటి దిమ్మె, అంటే ఫుటింగ్, కింది మట్టి జారిపోతుంది. అందుకే అండర్‌పిన్నింగ్, అంటే పాత పునాది కింద ముక్కలు ముక్కలుగా కొత్త పునాది వేయడం. గోడ పొడవును మీటరు, మీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు ముక్కలుగా గుర్తించి, వాటికి 1, 2, 3, మళ్లీ 1, 2, 3 అని వరుసగా అంకెలు వేస్తారు. ముందు 1 అని రాసిన చోట్ల మాత్రమే ఫుటింగ్ కింద తవ్వి కాంక్రీటు పోస్తారు. పక్క ముక్కల మట్టి అప్పటిదాకా ఇంటి బరువు మోస్తూ ఉంటుంది. పోసిన కాంక్రీటుకూ పాత ఫుటింగ్‌కూ మధ్య 50 నుంచి 75 మిల్లీమీటర్ల సందు వదిలి, కాంక్రీటు గట్టిపడ్డాక, ఆరినా కుంచించుకుపోని గట్టి మాలును అందులో కూరుతారు. ఆ తర్వాతే 2, 3 అంకెల వంతు. దీనికి ఇంజినీరు గీసిన నక్షాలు, నగరపాలక సంస్థ అనుమతి, దశలవారీ తనిఖీలు తప్పనిసరి.

బరువు మోసే లెక్క ఇంజినీరు నక్షాలో వివరంగానే ఉంటుంది. నీటి సంగతి మాత్రం చాలాసార్లు ఒక్క వాక్యంతో ముగుస్తుంది. గందరగోళం మొదలయ్యేది అక్కడే.

## అతుకు ఉన్న చోటికే నీరు

ఇల్లు కట్టిన రోజున గోడ మందం కన్నా వెడల్పుగా గొయ్యి తీశారు. గోడ లేచాక మిగిలిన సందును తవ్విన మట్టితోనే పూడ్చారు. పూడ్చిన మట్టి ఎన్నేళ్లు గడిచినా చుట్టూ ఉన్న కదలని నేలంత గట్టిపడదు. టొరంటోలో ఆ కదలని నేల చాలాచోట్ల హిమానీనదాలు వదిలిపోయిన బిగుతైన బంకమన్ను. నీటిని అంత తేలికగా పీల్చుకోదు. కప్పు మీది నీరు, పెరట్లో కరిగిన మంచు ఈ వదులు మట్టిలోకి దిగి, గోడ చుట్టూ తొట్టిలో నిలిచినట్టు నిలుస్తాయి. ఆ తొట్టి అడుగు ఎక్కడుంది? సరిగ్గా పాత ఫుటింగ్ మట్టంలో.

అండర్‌పిన్నింగ్ తర్వాత అతి బలహీనమైన అతుకు కూడా ఆ మట్టంలోనే పడుతుంది. గట్టి మాలు కూరిన ఆ సన్నటి పొర బరువు మోయడానికి ఉద్దేశించింది, నీటిని ఆపడానికి కాదు. చేత్తో కూరిన చోట ఎక్కడో ఒకచోట ఖాళీ మిగులుతుంది. దానికి తోడు ఒక్కో ముక్కనూ వేరువేరు రోజుల్లో పోస్తారు కాబట్టి ముక్కకూ ముక్కకూ మధ్య నిలువు అతుకులు ఏర్పడతాయి. సగటు ఇంటి చుట్టూ అలాంటివి పాతిక ముప్పై ఉన్నా ఆశ్చర్యం లేదు. ముక్కల మధ్య గాడి పెట్టడం, ఊచలు దూర్చడం గోడకు బలాన్నిస్తాయి. నీటికి మాత్రం తడి తగిలితే ఉబ్బే పట్టీలను ఆ అతుకుల్లో విడిగా పెట్టాలి.

మేలు చేసే సంగతి కూడా ఒకటుంది. పాత ఫుటింగ్ కింద కొత్త కాంక్రీటు ఆనుకున్నది ఎన్నడూ తవ్వని మట్టిని. బయటి నుంచి తవ్వి మళ్లీ పూడ్చితే ఈ సుగుణం పోతుంది. తొట్టి ఇంకా లోతవుతుంది. అంటే బంకనేలలో కొత్త కాంక్రీటు భాగం కన్నా దాని పైఅంచే ఎక్కువ ప్రమాదం. నగరంలో అన్నిచోట్లా నేల ఒకేలా లేదు. డావెన్‌పోర్ట్ రోడ్డుకు దక్షిణాన చాలాచోట్ల, హిమయుగం చివర ఇక్కడ నిలిచిన ఇరొక్వాయ్ సరస్సు వదిలిన ఇసుక, ఒండ్రు పొరలు ఉన్నాయి. గారిసన్ క్రీక్, టాడిల్ క్రీక్ వంటి వాగులను 19వ శతాబ్దం చివర్లో మురుగు కాలువల్లోకి మళ్లించి పైన మట్టి పోసి పూడ్చారు. ఆ పాత వాగు దారిలో కట్టిన ఇళ్లు కొన్ని ఇప్పటికీ ఒరిగి కనిపిస్తాయి. అలాంటి చోట నీరు పక్క నుంచే కాదు, అడుగు నుంచీ వస్తుంది. పక్కింట్లో పొడిగా ఉంది కాబట్టి ఇక్కడా ఉంటుందన్న లెక్క ఈ నగరంలో చెల్లదు.

## పైకి మిగిలిపోయిన పాత గొట్టం

పునాది పక్కన నీటిని పట్టే రంధ్రాల గొట్టాన్ని కెనడాలో వీపింగ్ టైల్ అంటారు. ఒకప్పుడు కాల్చిన మట్టి గొట్టం ముక్కలను వరుసగా పేర్చేవారు; ఇప్పుడు 100 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం వాడుతున్నారు. పాత ఇంటికి బయట అలాంటి గొట్టం ఉన్నా, అది ఫుటింగ్ పక్కన ఉంటుంది. నేల మూడడుగులు దిగాక ఆ గొట్టం కొత్త నేల కన్నా మూడడుగుల ఎత్తున మిగిలిపోతుంది. దాని కింద చేరే నీటికి దారి లేదు. ఇంటి యజమానులు తరచూ చెప్పే మాట ‘గొట్టం బయట ఉంది కదా, బాగానే పని చేస్తోంది’ అని. పాత నేలకు ఆ మాట సరిపోయింది. కొత్త నేలకు సరిపోదు. తవ్వకం మొదలైన రోజు నుంచే ఆ ఇంటికి కొత్త మట్టంలో నీటి దారి బాకీ పడుతుంది.

## బయటి ముఖానికి పొర వేయలేమా?

మామూలుగా కొత్త ఇల్లు కట్టేటప్పుడు గోడ బయటి ముఖానికి నీరు చొరని పొర అతికించి, ఆ తర్వాత మట్టి పూడుస్తారు. నీరు పొరను గోడకేసి నొక్కుతుంది కాబట్టి పొర ఊడదు. నీటి వైపే అడ్డు పెట్టడం అన్ని విధాలా మేలైన పద్ధతి. లోపలి నుంచి తవ్వేటప్పుడు ఆ అవకాశం లేదు. గుంతకు అవతలి గోడ మట్టే. ఆ మట్టినే సెంట్రింగ్ పలకలా వాడుకుని కాంక్రీటు పోస్తారు.

దీనికి ఉన్న ఒకే మార్గం, కాంక్రీటు పోయకముందే నున్నగా కోసిన మట్టి ముఖానికి పొరను వేలాడదీయడం. పచ్చి కాంక్రీటు తనంతట తాను అతుక్కునే షీట్లు, తడిస్తే ఉబ్బి సందులు మూసే బెంటొనైట్ మట్టి షీట్లు అందుకోసమే ఉన్నాయి. పెద్ద భవనాల బేస్‌మెంట్లలో ఈ పద్ధతి బాగానే నడుస్తుంది. మీటరు వెడల్పు గుంతలో, వంగి కూర్చుని, పక్క ముక్కలోకి పొడుచుకొచ్చిన ఊచల మధ్య అదే పని చేయడం వేరు. ఒక ముక్కలో వేసిన షీటు అంచును పక్క ముక్క తవ్వేదాకా బురద అంటకుండా కాపాడాలి, తర్వాత దానికి మరో షీటును అతికించాలి. అంచు ఒక్కచోట చిరిగినా నీరు షీటు వెనక ప్రయాణించి మరెక్కడో బయటపడుతుంది.

అంతా జాగ్రత్తగా చేశారనుకున్నా ఒక లోటు తీరదు. షీటు పైకి వెళ్లి పాత ఫుటింగ్ అడుగున ఆగిపోవాల్సిందే. పై గోడ బయటి ముఖానికీ దీనికీ మధ్య వందేళ్ల నాటి ఫుటింగ్ అడ్డం. నీరు నిలిచే మట్టంలోనే అడ్డుకట్ట తెగిపోయిందన్నమాట. అందుకే ఈ షీట్లను అదనపు రక్షణగా లెక్కించవచ్చు గానీ, వాటి మీదే భారం వేసి లోపలి నీటి దారిని మానుకోవడం తెలివైన పని కాదు.

## పూతలు, వాటి హద్దులు

లోపలి ముఖానికి వేసే పూతల ప్రకటనలు చాలా కనిపిస్తాయి. వీటిలో స్ఫటిక తరహా మందులకు మంచి పేరుంది. బ్రిటిష్ కొలంబియాకు చెందిన జైపెక్స్, క్రైటాన్ సంస్థలు వీటిని తయారు చేస్తాయి. సిమెంటులో మిగిలిన సున్నంతో, నీటితో కలిసి ఈ రసాయనాలు కాంక్రీటు రంధ్రాల్లో కరగని స్ఫటికాలుగా పెరుగుతాయి. పూత పైపైన ఉండదు, కాంక్రీటులో భాగమవుతుంది. కొత్త ముక్కల కాంక్రీటులోనే ఈ మందు కలిపితే వెంట్రుకవాసి పగుళ్లు కూడా మూసుకుంటాయి. కొత్త కాంక్రీటుకు ఇది పెట్టదగిన ఖర్చే. బండరాయి, ఇటుక, సున్నపు మాలుతో కట్టిన పాత గోడకు మాత్రం ఇది పనిచేయదు. స్ఫటికాలు పెరగడానికి కావలసిన సిమెంటు అక్కడ లేదు. ముక్కల మధ్య అతుకు కదిలి తెరుచుకున్నా అంతే.

మామూలు వాటర్‌ప్రూఫ్ రంగుల సంగతి ఇంకా తేలిక. నీరు గోడ వెనక నుంచి తోస్తుంది, రంగు బుడగలు కట్టి ఊడుతుంది, దాని వెనక చౌడు పేరుకుంటుంది.

ఇక గోడలనూ నేలనూ పూర్తిగా బిగించి నీటిని రానివ్వకుండా చేస్తామనేవారి లెక్క ఒకటి ఉంది. మీటరు ఎత్తు నీరు చదరపు మీటరు మీద సుమారు 1,000 కిలోల బరువుతో ఒత్తుతుంది. బేస్‌మెంట్ నేలకు సాధారణంగా పోసే 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలక బరువు చదరపు మీటరుకు దాదాపు 240 కిలోలు. పలక కింద నీటి ఒత్తిడి 24 సెంటీమీటర్లు దాటగానే పలక సొంత బరువు చాలదు. నీరు పోయే దారి లేకుండా బిగిస్తే, నీరు పలకను పైకెత్తడమో పగలగొట్టడమో చేస్తుంది. నీటిని నిజంగా అడ్డుకోవాలంటే గోడల్లోకి కట్టిన మందమైన ఊచల పలక కావాలి. అది మరో స్థాయి నిర్మాణం, మరో స్థాయి ఖర్చు. మామూలు ఇంటికి ఒత్తిడిని తగ్గించడమే దారి. తగ్గించడం అంటే నీటిని లోపలికి రానిచ్చి, పట్టుకుని, పంపేయడం.

## నేల కింద పడే దారి

గోడ లోపలి ముఖానికి బుడిపెలున్న ప్లాస్టిక్ షీటును పైనుంచి కిందిదాకా వేలాడదీస్తారు. బుడిపెల వల్ల గోడకూ షీటుకూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. పాత గోడలోంచి ఊరినా, గట్టి మాలు అతుకులోంచి కారినా ఆ నీరు గదిలోకి రాకుండా ఖాళీలోంచి కిందికి జారుతుంది. కింద, కొత్త కాంక్రీటు పక్కన, మట్టి లేని కడిగిన కంకరలో రంధ్రాల గొట్టం ఉంటుంది. గొట్టానికి పైనా పక్కలా కనీసం 150 మిల్లీమీటర్ల కంకర ఉండాలని ఒంటారియో నియమావళి చెబుతుంది. అక్కడి నుంచి నీరు, నేలలో నీటిని పట్టేందుకు తవ్విన సంప్ గుంతకు చేరుతుంది. పంపు దాన్ని బయటికి తోస్తుంది. నేలంతా కంకర పరిచి, దాని మీద దళసరి ప్లాస్టిక్ షీటు వేసి, ఆ తర్వాత పలక పోస్తారు. మట్టిలోని చెమ్మ పైకి పాకకుండా కంకర చూస్తుంది, షీటు ఆవిరిని ఆపుతుంది.

వినడానికి సులువుగా ఉన్న ఈ ఏర్పాటులో తప్పులు జరిగే చోట్లు మూడున్నాయి. మొదటిది గొట్టం మట్టం. నేలకు మరీ దగ్గరగా పెడితే నీరు పలక అడుగు తాకాకే గొట్టంలో పడుతుంది. మరీ లోతుగా తవ్వితే కొత్తగా పోసిన ముక్క అడుగు కన్నా కిందికి పోయి, ఇంత శ్రమపడి నిలబెట్టిన పునాదినే బోలు చేస్తుంది. అందుకే ముక్కల లోతు నిర్ణయించేటప్పుడే గొట్టం, కంకర, పలక మందం కలుపుకుని లెక్క వేయాలి. తవ్వకం అయ్యాక గుర్తొస్తే ఎత్తులోంచి కొన్ని అంగుళాలు వదులుకోవాలి. ఎత్తు కోసమే కదా ఇదంతా.

రెండోది సన్నటి మట్టి. ఇసుక, ఒండ్రు నేలల్లో వడపోత గుడ్డ లేకుండా కంకర పరిస్తే నీటితోపాటు మట్టి కూడా గొట్టంలోకి కొట్టుకొస్తుంది. మొదట్లో నాలుగు రోజులు బురదనీరు రావడం మామూలే. నెలల తరబడి పంపు మట్టినీరే తోడుతుంటే ఆ మట్టి వస్తున్నది పునాది కింద నుంచేనని అనుమానించాలి, ఇంజినీరును పిలవాలి.

మూడోది పంపు. పెద్ద వాన కురిసిన రాత్రే కరెంటు పోతుంది. 2013 జులై 8న పియర్సన్ విమానాశ్రయం దగ్గర 126 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు నగరంలో చాలా భాగం చీకట్లో మునిగింది. బ్యాటరీతో నడిచే రెండో పంపు లేని సంప్ గుంత ఆ పూట ఉత్త గుంతే. పంపు నీటిని బయట ఎక్కడ వదులుతుందన్నదీ ముఖ్యమే: గోడ పక్కనే వదిలితే అదే నీరు తిరిగి గొట్టంలోకి వస్తుంది, చలికాలంలో గొట్టం మూతి గడ్డకడితే పంపు కాలిపోతుంది. సంప్ గుంత మూత గాలి చొరకుండా బిగించాలి. నేలలోంచి వచ్చే రేడియోధార్మిక రాడాన్ వాయువుకు మూత బిగించని గుంత తెరిచిన తలుపు. ఘనపు మీటరు గాలిలో రాడాన్ రేడియోధార్మికత 200 బెక్వెరెళ్లు దాటితే నివారణ చర్యలు తీసుకోవాలని కెనడా ఆరోగ్య శాఖ మార్గదర్శకం.

## లోతు పెరిగితే మురుగు ముప్పు

ఊటనీటి గురించి ఇంత చర్చ జరిగినా, టొరంటోలో బేస్‌మెంట్లను ముంచింది ఎక్కువగా మురుగు కాలువల నుంచి వెనక్కి తన్నిన నీరు. పాత నగరంలో చాలా వీధుల్లో వాననీరూ మురుగునీరూ ఒకే కాలువలో పారుతాయి. 2005 ఆగస్టు 19న, 2013 జులైలో, 2024 జులై 16న కురిసిన వానల్లో నగరంలోని కాలువలు నిండి నీరు ఇళ్లలోకి ఎదురెక్కింది. నేలను మూడడుగులు దించడం అంటే నిండిన కాలువ నీటి మట్టానికి నేలను మరో మూడడుగులు దిగువన పెట్టడం.

అందుకే నేల పగలగొట్టినప్పుడే ఇంటి మురుగు గొట్టాన్ని మార్చి, నీరు వెనక్కి రాకుండా అడ్డుకునే బ్యాక్‌వాటర్ వాల్వ్ పెడతారు. దీనికీ, సంప్ పంపుకూ నగరపాలక సంస్థ రాయితీ ఇస్తుంది. వాల్వ్‌తో ఒక మెలిక ఉంది. వీధి వైపు నుంచి నీరు తన్నినప్పుడు అది మూసుకుంటుంది; అప్పుడు ఇంట్లోంచి కూడా ఏదీ బయటికి పోదు. పాత పద్ధతిలో కప్పు గొట్టమో, పునాది గొట్టమో వాల్వ్‌కు ఇంటి వైపున కలిసి ఉంటే, ఆ ఇంటి వాననీరే ఇంటిని ముంచుతుంది. కప్పు గొట్టాలను మురుగు కాలువ నుంచి విడదీయాలని నగరం పెట్టిన నిబంధన వెనక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. లోపలి గొట్టం నీరు విడిగా సంప్ గుంతకే పోవాలి.

## పైనున్న పాత గోడ

కొత్త కాంక్రీటు మీద దృష్టి పెట్టి పై గోడను మరవడం మామూలు పొరపాటు. రాతికట్టు, ఇటుక గోడలు వందేళ్లుగా తడుస్తూ, లోపలి వైపుకు ఆరుతూ బతికాయి. లోపల గట్టి పూత పూసి, దట్టంగా ఇన్సులేషన్ అతికించి బిగిస్తే ఆరే దారి పోతుంది. పైగా ఇంటి వెచ్చదనం అందక గోడ చల్లబడుతుంది. నేల మట్టానికి దగ్గర్లో తడిసిన ఇటుక గడ్డకట్టి, కరిగి, పొరలు పొరలుగా రాలుతుంది. ముందు సున్నపు మాలుతో సందులు నింపడం, బయట నేల వాలును ఇంటికి ఎడంగా సరిచేయడం, కప్పు నీటిని దూరంగా వదలడం చేయాలి. ఇవి ఖర్చు తక్కువ పనులు. కాంట్రాక్టరుకు లాభం తక్కువ కాబట్టి కాబోలు, అంచనా కాగితంలో వీటికి చోటు దొరకడం అరుదు.

వేసవిలో కనిపించే చెమ్మ అంతా ఊట కాదు. జులై ఉక్కలో చల్లటి గోడకు గాలిలోని ఆవిరి చెమటలా పడుతుంది. గోడకు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి రెండు రోజులు ఉంచితే తేడా తెలుస్తుంది: గది వైపు తడిస్తే అది గాలి తేమ, గోడ వైపు తడిస్తే ఊట.

## తవ్వని దారులు, వేరే ఊళ్ల తీరు

అసలు ఫుటింగ్ కిందికి పోకుండానే నేల దించవచ్చు. గోడ పక్కన మట్టిని వాలుగా వదిలి, దాని మీద అరుగులా కాంక్రీటు పోస్తారు. గది చుట్టూ ఆ అరుగు మేరకు చోటు పోతుంది. దానికి బదులుగా ఫుటింగ్ అడుగున అతుకే ఉండదు, షీటు అరుగు మీదుగా తెగకుండా దిగుతుంది. పక్కింటితో ఉమ్మడి గోడ ఉన్నచోట ఇది మరీ ఆలోచించదగింది. ఉమ్మడి గోడకు బయటి ముఖమే లేదు. అవతల పక్కింటివారి నేల కింది మట్టి, అందులోని నీరు ఉంటాయి. తవ్వాలంటే వారి సమ్మతి కూడా కావాలి.

ఇంటి పక్కన చోటు ఉంటే రెండు పద్ధతులనూ కలపవచ్చు. బయట పాత ఫుటింగ్ దాకా మాత్రమే తవ్వి పై గోడకు పొర, ఆ మట్టంలో కొత్త గొట్టం వేస్తారు. కింది భాగానికి లోపలి ఏర్పాటు ఎలాగూ ఉంటుంది. తొట్టి అడుగున నిలిచే నీరు అతుకును తాకకముందే పోతుంది కాబట్టి సాంకేతికంగా ఇదే మెరుగైనది. పాత నగరంలో ఇళ్ల మధ్య మనిషి దూరేంత సందు కూడా లేనిచోట్లు చాలా ఉండడమే చిక్కు.

బ్రిటన్‌లో ఈ విషయానికి బీఎస్ 8102 అనే ప్రమాణం ఉంది. చివరిసారి 2022లో సవరించారు. అది రక్షణను మూడు రకాలుగా విడదీస్తుంది: పొరతో అడ్డుకోవడం, కాంక్రీటే నీటిని ఆపేలా కట్టడం, లోపల పట్టి తోడేయడం. ముప్పు ఎక్కువున్న చోట ఒకదాన్నే నమ్ముకోకుండా రెండు కలపాలన్నది దాని ధోరణి. లోపలి నుంచి తవ్వే టొరంటో ఇంటికి ఆ లెక్కలో మూడోది ఆధారం, రెండోది తోడు.

హైదరాబాదు సెల్లార్ల సమస్య వేరు. అక్కడ గొయ్యి ముందే తెరిచి తవ్వుతారు. చోటుంటే గోడ బయటి ముఖానికి పొర వేసే వీలు ఉంటుంది. 2020 అక్టోబరు వానల్లో సెల్లార్లను ముంచింది ఎక్కువగా వీధి నుంచి ర్యాంపు మీదుగా దిగిన వరదనీరు. స్థలం హద్దు దాకా తవ్వి మట్టికి, రాతికి ఆనించి గోడ పోసిన చోట మాత్రం టొరంటో చిక్కే అక్కడా ఎదురవుతుంది.

## బీమా, కాగితాలు

కెనడాలో మామూలు గృహ బీమా, పునాది గోడల్లోంచి నెమ్మదిగా ఊరే నీటి నష్టానికి సాధారణంగా వర్తించదు. మురుగు ఎదురెక్కే నష్టానికి విడిగా రుసుము కట్టి రక్షణ తీసుకోవాలి. బ్యాక్‌వాటర్ వాల్వ్, సంప్ పంపు ఉన్నాయా అని కంపెనీలు అడగడం మామూలైంది. కాంట్రాక్టరు హామీ కాగితం ‘అండర్‌పిన్నింగ్’కు మాత్రమేనా, నీటికి కూడానా అన్నది చదివి చూడాలి. చాలావాటిలో రెండోది ఉండదు. గొట్టం మట్టం, సంప్ గుంత చోటు, షీటు రకం, అతుకుల పట్టీలు నక్షాలోనే ఉండాలని ఒప్పందానికి ముందే అడగవచ్చు. ఒక్కో ముక్క పోయకముందు, తర్వాత, గొట్టం పరిచాక, పలక పోయకముందు ఫొటోలు తీసి ఉంచాలి. పలక పడిన మర్నాటి నుంచి, కింద ఏముందో చెప్పగలిగేవి ఆ ఫొటోలే.